విజయనగరంలో ఆసియా తరహా రిసెప్షన్: 60 వేల రూపాయల్లో అలంకరణ ఎలా చేయవచ్చు

నమస్కారమండీ. ఇదే సందేహం మరికొందరికీ ఉండవచ్చు కాబట్టి మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మాఘమాసంలో విజయనగరంలో మీ అమ్మాయి పెళ్ళి. ముహూర్తం అయిన మర్నాడు సాయంత్రం అదే కల్యాణ మండపంలో రిసెప్షన్. కాబోయే అల్లుడుగారు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు, అక్కడి స్నేహితులు ఏడెనిమిది మంది వస్తున్నారు. అందువల్ల రిసెప్షన్ అలంకరణ ‘ఆసియా థీమ్’లో ఉండాలని పిల్లలిద్దరి కోరిక. ఎర్ర లాంతర్లు, చెర్రీ పూల కొమ్మలు, వెదురు, రంగు గొడుగులు ఉన్న ఫోటోలు చూపిస్తే డెకరేటరు రెండు లక్షల పైమాటే చెప్పారు. మీరు దీనికోసం పక్కన పెట్టుకున్నది 60 వేలు. ఆ డబ్బుతో పని జరుగుతుందా అన్నది మీ ప్రశ్న.

జరుగుతుంది. అయితే ఆ ఫోటోల్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా దించాలనుకుంటే జరగదు. పందిళ్ళు, వేదికల పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని కాబట్టి ఆ రెండు లక్షలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఫైబర్ స్తంభాలు, ప్లాస్టిక్ చెర్రీ చెట్లు, థర్మాకోల్ గోపురాలు విశాఖ నుంచి లారీలో రావాలి, వాటిని బిగించే మనుషులు వెంట రావాలి, తెల్లవారేలోగా విప్పి మరో పెళ్ళికి తీసుకుపోవాలి. మీరు కట్టే సొమ్ములో ఎక్కువ భాగం అద్దెకు, రవాణాకు, రాత్రి కూలికి పోతుంది తప్ప కంటికి కనిపించే అందానికి చేరేది తక్కువ. ఇంతా చేసి ఆ ప్లాస్టిక్ చెర్రీ చెట్టు జపాన్‌లోని చెట్టులా ఉండదు, మన చెట్టులా కూడా ఉండదు. నా సలహా ఒక్కటే. తయారు సరుకును అద్దెకు తెచ్చే ఆలోచన మానుకుని, తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా దేశాలవాళ్ళు తమ పెళ్ళిళ్ళకు వాడే వెదురు, కొబ్బరాకు, చాప, కాగితం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పచ్చి సరుకుగా దొరుకుతాయి కాబట్టి వాటిని కొని, ఇక్కడి చేతిపనివాళ్ళతో చేయించండి.

అంతకంటే ముందు ఒక మాట. ముహూర్తపు మండపం జోలికి వెళ్ళవద్దు. రాట, తాటాకు పందిరి, మామిడి తోరణం, అరటి బోదెలు, బియ్యపుపిండి ముగ్గు ఎలా ఉండాలో అలాగే ఉండనివ్వండి. పెద్దవాళ్ళకు అభ్యంతరాలు వచ్చేది అక్కడే, రెండు రకాల అలంకరణకు రెండుసార్లు ఖర్చయ్యేదీ అక్కడే. ఆసియా తరహా అంతా రిసెప్షన్ రోజు సాయంత్రానికి పరిమితం చేస్తే ముహూర్తానికి తెచ్చిన అరటి చెట్లు, కొబ్బరి మట్టలు, ఇత్తడి పాత్రలు మర్నాడు కూడా పనికివస్తాయి. అవి ఎలా పనికివస్తాయో కింద చెబుతాను.

‘ఆసియా థీమ్’ అనేది చాలా పెద్ద మాట. మన దేశమూ ఆసియాలోదే. జపాన్ చెర్రీ పూలు, చైనా డ్రాగన్, థాయి గొడుగు, బాలి ద్వారం ఒకే హాలులో పెడితే అది పెళ్ళిలా కాక ఎగ్జిబిషన్‌లా కనిపిస్తుంది. అల్లుడుగారు ఉండేది సింగపూర్ కాబట్టి మీకు ఒక సౌకర్యం ఉంది. ఆ ఊళ్ళో చైనా, మలయ్ సంప్రదాయాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి, మన తమిళులూ ఉంటారు. అందుచేత బయటి ద్వారాన్ని మలయ్, జావా పద్ధతిలో కొబ్బరాకుతోనూ, లోపల హాలును, వేదికను చైనా పద్ధతిలో ఎర్ర లాంతర్లతోనూ చేయండి. జపాన్‌ను ఒక మూలకే పరిమితం చేయండి. దీనికి ఎవరైనా కారణం అడిగితే చెప్పుకోవడానికి వీలుగా ఉంటుంది.

ముందు ద్వారం సంగతి చూద్దాం. జావాలో పెళ్ళి జరిగే ఇంటికి దారి చూపడానికి వీధి మొగలో ఒక పొడవాటి వెదురు నాటుతారు. దాని కొన దారి మీదికి విల్లులా వంగి ఉంటుంది, ఆ వంపు నుంచి లేత పసుపు రంగు కొబ్బరాకు అల్లికలు వేలాడుతూ ఉంటాయి. ఆ లేత ఆకును వాళ్ళు జనూర్ అంటారు. ఇంటి ద్వారానికి రెండు పక్కలా గెలలతో ఉన్న అరటి చెట్లు, లేత కొబ్బరికాయలు, చెరకు గడలు, వరి కంకులు కడతారు. ఇది చదివితే మీకే అర్థమై ఉంటుంది, ముహూర్తానికి మీరు కట్టిన అరటి చెట్ల పక్కన నాలుగు చెరకు గడలు, రెండు కొబ్బరి గెలలు చేర్చి, ముందు రెండు వంగిన వెదుళ్ళు నిలబెడితే అది జావా ద్వారమే అవుతుంది. అరటి చెట్లకు మళ్ళీ ఖర్చు లేదు. ఎండిన ఆకులు కోసివేసి, గెలలకు నీళ్ళు చల్లితే చాలు.

వెదురు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. అడితిలో అమ్మే వెదురు సాధారణంగా కొన కొట్టేసి వస్తుంది, ఎందుకంటే పందిళ్ళకూ పరంజాలకూ కొన పనికిరాదు. మీకు కావలసింది ఆ కొనే. వంపు వచ్చేది సన్నగా, పచ్చిగా ఉన్న పై భాగంలోనే. కాబట్టి కొన తీయని పచ్చి వెదుళ్ళు రెండు కావాలని పది రోజుల ముందే చెప్పి ఉంచండి. గుంట రెండు అడుగులకు తక్కువ కాకుండా తీసి, మొదలును ఒక గుంజకు కట్టాలి. కొనకు కట్టే అల్లికల బరువుకే అది వంగుతుంది, బలవంతంగా తాడు కట్టి వంచితే మధ్యలో చీలుతుంది. మండపం ముందు కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో నాటే ముందు తప్పక చూడండి. పచ్చి వెదురు తీగను తాకితే కరెంటు పారుతుంది. తీగలు దగ్గరగా ఉంటే వెదురును లోపలి ఆవరణలో నాటండి, వీధిలో వద్దు.

లేత కొబ్బరాకు సంపాదించడం కొంచెం తెలిసి చేయవలసిన పని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనో, మీకు దగ్గరగా భోగాపురం, పూసపాటిరేగ వైపునో తోటలవాళ్ళను అడగవచ్చు. అయితే కాపు మీద ఉన్న చెట్టు నుంచి లేత ఆకు తీయమని అడగకండి. కొబ్బరి చెట్టు నెలకు సుమారు ఒక ఆకే వేస్తుంది, ప్రతి ఆకు మొదట్లోనే గెల పుడుతుంది, కాబట్టి విప్పారని ఆకును తీయడమంటే రైతుకు ఒక గెల నష్టం చేయడమే. చేయి జారి మొవ్వకు కత్తి తగిలిందంటే చెట్టే పోతుంది. 2018లో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో ఒక్కో చెట్టును మళ్ళీ కాపుకు తేవడానికి రైతులు ఎన్నేళ్ళు ఎదురు చూశారో ఆ వైపు వెళ్ళిన ఎవరికైనా తెలుసు. రోడ్డు కోసమో ఇంటి కోసమో కొట్టేస్తున్న చెట్టు, లేదా కాపు తగ్గి తీసేస్తున్న చెట్టు ఎక్కడ ఉందో కనుక్కుని దాని మొవ్వులోని ఆకులు తెప్పించుకోండి. రెండు చెట్ల ఆకు మీ ద్వారానికి సరిపోతుంది. అది దొరక్కపోతే ముదురు ఆకుతోనే చేయవచ్చు, పసుపు బదులు ఆకుపచ్చగా ఉంటుంది, అంతే తేడా.

అల్లిక పని తేలికే. లేత ఆకు ఒక్కో రేకును మధ్య ఈనె వెంట చీల్చి, ఈనెను పక్కన పెట్టుకోండి, గుండుసూదికి బదులు అదే పనికివస్తుంది. చీల్చిన పాయను వేలి చుట్టూ ఉంగరంలా తిప్పి, అంచు మీద అంచు వచ్చేచోట ఈనె ముక్కను అడ్డంగా గుచ్చి తుంచేస్తే ఒక చుట్ట అవుతుంది. అటువంటి చుట్టలను పెద్దదాని కింద చిన్నదిగా గొలుసు కడితే మూరెడు పొడవున్న వేలాడే జాలరు తయారవుతుంది. మన పల్లెల్లో పిల్లలకు ఆకు చిలకలు, బూరలు చేసిచ్చే ముసలివాళ్ళు ఒకరిద్దరు ఇంకా ఉంటారు. వాళ్ళను కూర్చోబెడితే ఒక పూటలో మీకు కావలసినంత చేసి పెడతారు. చేసినవాటిని తడిపిన గోనె కింద ఉంచాలి. రెండో రోజుకు గోధుమ రంగు తిరుగుతాయి కాబట్టి రిసెప్షన్ రోజు ఉదయమే ఈ పని పెట్టుకోవాలి.

ఇక సింగపూర్‌లో మలయ్ పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళు వెంటనే గుర్తుపట్టే అలంకరణ మరొకటి ఉంది. దాన్ని బుంగా మంగర్ అంటారు. ఒక కర్ర చివర కొబ్బరి పూగుత్తిలా చుట్టూ విచ్చుకున్న రంగురంగుల తళుకు కాగితపు పుల్లల గుత్తి అది. పెళ్ళికొడుకు ఊరేగింపులో దాన్ని పట్టుకుని నడుస్తారు, పెళ్ళి ఇంటి దారిలోనూ నిలబెడతారు. లోపల ఉండే పుల్ల మరేదో కాదు, కొబ్బరి ఈనె. ఇంట్లో ఉన్న కొత్త కొబ్బరి చీపురు ఒకటి విప్పి, పుల్లపుల్లకూ పాయలుగా కత్తిరించిన బంగారు రంగు కాగితం చుట్టి, అరవై డెబ్భై పుల్లలను కర్ర చివర ఒక కొబ్బరి పీచు ముద్దలో గుచ్చితే బుంగా మంగర్ సిద్ధమవుతుంది. ఎనిమిది చేయించి దారికి ఇరువైపులా నిలబెట్టండి. మీరు పెట్టే మొత్తం ఖర్చులో దీనికంటే తక్కువ డబ్బుతో ఎక్కువ మెప్పు తెచ్చే వస్తువు మరొకటి ఉండదని నా అభిప్రాయం.

హాలు లోపలికి వస్తే అసలు భారం లాంతర్లది. బజారులో దొరికే మడత కాగితపు లాంతర్లు చౌకే, కానీ చిన్నవి. కల్యాణ మండపాల కప్పులు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అవి ఎన్ని కట్టినా పైన ఎక్కడో చుక్కల్లా కనిపిస్తాయి. పెద్దవి కొనబోతే ధర మండిపోతుంది. దీనికి నేను చేయించే పద్ధతి కోడిగంప. మేదరివారు అల్లే గంపలను రెండింటిని మూతికి మూతి ఆనించి సుతిలితో కుట్టిస్తే గుండ్రని లాంతరు అస్థిపంజరం సిద్ధంగా ఉన్నట్టే. గంప అల్లికలో కన్నులు పెద్దవిగా ఉంటాయి, అందువల్ల వెలుతురు ఆగదు. కోళ్ళకు అల్లే మందపు బద్దతో కాకుండా సన్న బద్దతో, కన్ను వెడల్పుగా అల్లమని ముందే చెబితే బరువూ ధరా రెండూ తగ్గుతాయి. పెద్దవి ఎనిమిది, మధ్యరకం పదహారు ఉంటే మీ హాలుకు చాలు.

దాని మీద అంటించేది పలచని ఎర్ర గాలిపటాల కాగితం, ఒక్క పొర మాత్రమే. రెండో పొర వేస్తే ఎరుపు చిక్కబడి వెలిగించినా నల్లగా కనిపిస్తుంది. మైదాను నీళ్ళలో పలచగా ఉడికించిన జిగురు చాలు. కాగితాన్ని జానెడు వెడల్పు పట్టీలుగా చింపి, పై నుంచి కిందికి కొద్దికొద్దిగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటించి, మీద నీళ్ళు చిలకరించి నీడన ఆరబెట్టాలి. ఆరేటప్పుడు కాగితం బిగుసుకుని ముడతలన్నీ పోతాయి. బల్బు వేశాక వెదురు బద్దల నీడ కాగితం మీద గళ్ళు గళ్ళుగా పడుతుంది, కొన్న లాంతరులో రాని అందం అదే. లోపల 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, అదీ పసుపు వెలుగుది, పెట్టించండి. పాతకాలపు ఫిలమెంటు బల్బు, కొవ్వొత్తి, నూనె దీపం ఏవీ కాగితం దగ్గరికి రానివ్వకండి. పైన చేయి పట్టేంత కన్ను వదిలేస్తే వేడి పోతుంది, బల్బు మార్చడానికీ వీలవుతుంది. వీడియోవాళ్ళ క్రేను తగలకుండా తొమ్మిది పది అడుగుల ఎత్తుకు తక్కువ కాకుండా కట్టించాలి. హాలంతా సమదూరంలో వరుసగా కట్టకుండా వేదిక వైపు గుత్తిగా, గుమ్మం వైపు పలచగా కట్టిస్తే తక్కువ లాంతర్లతో హాలు నిండినట్టు ఉంటుంది. ఆరుబయట కట్టేవాటికి మాత్రం కాగితం బదులు పలచని ఎర్ర వాయిల్ గుడ్డ వాడండి, మాఘంలో రాత్రి మంచుకు కాగితం మెత్తబడి జారిపోతుంది.

మీ ముహూర్తం మాఘంలో పడటం కూడా ఈ ఆలోచనకు కలిసివచ్చింది. చాలా సంవత్సరాల్లో చైనీయుల కొత్త సంవత్సరం మన మాఘ శుద్ధ పాడ్యమి పరిసరాల్లోనే వస్తుంది, ఆపైన పదిహేనో రోజు పౌర్ణమినాడు వాళ్ళ లాంతర్ల పండుగ. ఆ నెలలో ఎర్ర లాంతర్ల కింద జరిగే విందు సింగపూర్ అతిథులకు మన ఇంట్లోనే తమ పండుగ చూసినట్టు ఉంటుంది.

వేదికకు వెనుక పెద్ద గుండ్రని చట్రం ఒకటి చేయించండి. చైనాలో సుజౌ వంటి ఊళ్ళ తోటల్లో గోడకు చందమామలా గుండ్రని ద్వారం ఉంటుంది, ఫోటోల్లో మీరు చూసిన వృత్తానికి మూలం అదే. ఇనుముతో వెల్డింగు చేయించనక్కర లేదు. పొలాలకు నీరు పెట్టే నల్లని పాలిథీన్ పైపు, అంగుళంపావుది, చుట్టగా వస్తుంది కాబట్టి దానికి వంపు ముందే ఉంటుంది. 8 అడుగుల వ్యాసానికి చుట్టుకొలత 25 అడుగులు, అతుకుకు మరో అడుగు కలుపుకుని 26 అడుగుల ముక్క తీసుకోండి. తెలిసిన రైతు ఉంటే ఒక రోజుకు అరువిస్తారు. రెండు చివరలనూ ఒక వెదురు ముక్క లోపల దూర్చి కలిపి, పైపు మొత్తానికి గోనెగుడ్డ పట్టీలు చుట్టాలి. మన విజయనగరం, నెల్లిమర్ల జనపనార మిల్లులకు పేరుపడ్డ ఊళ్ళు, గోనెగుడ్డ గజాల లెక్కన దొరకడం కష్టం కాదు. చట్రాన్ని వెనుక రెండు వెదుళ్ళకు కట్టి, వాటి మొదళ్ళ మీద ఇసుక బస్తాలు వేస్తే గాలికి కదలదు.

ఈ వృత్తం మొత్తానికి పూలు చుట్టించడమే అందరూ చేసే పని, డబ్బు పోయేదీ అక్కడే. కింది ఎడమ వంపులో మొదలుపెట్టి మూడో వంతు వరకు మాత్రమే పూలు దట్టంగా పెట్టి, మిగిలిన రెండు వంతులూ ఖాళీగా వదిలేయండి. ఖాళీని కూడా అలంకరణలో భాగంగా చూడటం ఆ దేశాల పద్ధతి, మీ పూల ఖర్చూ మూడో వంతుకు దిగుతుంది. ఈ మాట చెబితే మా పనివాళ్ళలోనే కొందరు మొదట ఒప్పుకోరు, పూలు చాలలేదనుకుంటారని భయపడతారు. మీరు పక్కన నిలబడి ఆపకపోతే వృత్తం నిండిపోతుంది.

వృత్తం వెనుక గోడకు మెరిసే శాటిన్ గుడ్డ వద్దు. తుంగ చాపలు నిలువుగా పక్కపక్కన వేలాడదీసి, అంచులకు నాలుగు అంగుళాల ముదురు రంగు గుడ్డ పట్టీ కుట్టించండి. జపాన్ ఇళ్ళలో నేల మీద పరిచే తతామీ చాపలకు అంచు గుడ్డ అలాగే ఉంటుంది, దాని మీద అల్లేది కూడా నీటి పట్టున పెరిగే గడ్డే. పెళ్ళయ్యాక ఆ చాపలు ఇంట్లో వాడుకోవచ్చు, బంధువులకూ ఇవ్వవచ్చు.

చెర్రీ పూల కొమ్మలు అమ్మాయి ప్రత్యేకంగా అడిగిందన్నారు కాబట్టి అవి ఫోటోలు తీసుకునే మూలలో పెట్టండి. మాఘ ఫాల్గుణాల్లో మన పొలం గట్ల మీద, కంచెల వెంట గిరిపుష్పం చెట్లు ఆకు రాల్చి, లేత గులాబి పూలతో కొమ్మ కనబడకుండా పూస్తాయి. దూరం నుంచి చూస్తే చెర్రీ కొమ్మ అనే అనుకుంటారు. ఆ రోజు మధ్యాహ్నం కోసి, మొదళ్ళు నీళ్ళలో ఉంచి, సాయంత్రం వరకు ఎక్కువగా కదపకుండా చూసుకోవాలి, పూలు రాలే స్వభావం ఉంది. నమ్మకం చాలకపోతే కత్తిరించి పారేసిన జామ కొమ్మలకు కాగితపు పూలు అంటించండి. పలచని కాగితాన్ని రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద గుండ్రాలుగా కత్తిరించి, మూడేసి కలిపి మధ్యలో గిల్లి మెలిపెడితే పువ్వు అవుతుంది. రంగు దాదాపు తెలుపు, దానిలో గులాబి ఛాయ మాత్రమే ఉండాలి. బజారులో దొరికే ముదురు గులాబి వాడితే కాగితపు పూలు కాగితపు పూలలాగే ఉంటాయి. కణుపుల దగ్గర గుత్తులుగా అంటించి కొనలు ఖాళీగా వదిలేస్తే సహజంగా ఉంటుంది.

నిజమైన పూలలో మీకు మాఘంలో చౌకగా దొరికేది బంతి. అది మన పువ్వే కదా, ఆసియా థీమ్‌కు ఎలా సరిపోతుందని సందేహించకండి. థాయిలాండ్ దండల్లోనూ, బాలిలో నిత్యం దేవుడికి పెట్టే ఆకు దొన్నెల్లోనూ బంతి ఉంటుంది. మన పద్ధతిలో బారెడు దండలు వేలాడదీయకుండా, ఒకే రంగు పూలను అరటి డొప్పల్లో ఒత్తుగా పేర్చి బల్లల మీద పెడితే రూపం మారిపోతుంది. తామరలు మాఘంలో తక్కువగా వస్తాయి, ధర కూడా ఎక్కువే, అందుకని వేదిక ముందు రెండు ఇత్తడి గంగాళాలకు మాత్రమే తెప్పించండి. కోసిన తామర మొగ్గ సాధారణంగా విచ్చుకోదు, అలాగే ఉండి నల్లబడుతుంది. థాయివాళ్ళు దీనికి ఉపాయం చేశారు. బయటి రేకును మెల్లగా వెనక్కి తీసి, కొనను లోపలికి మడిచి మొదట్లో దోపుతారు, ఆ తరువాత రెండో వరుస, మూడో వరుస. రేకు లోపలి లేత రంగు బయటకు వచ్చి మొగ్గ విచ్చుకున్న పువ్వులా కనిపిస్తుంది, పది మొగ్గలు ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటే అరగంట పని. గంగాళాలకు అద్దె కట్టకండి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి పాత్ర ఇంట్లో లేని కుటుంబం మన వైపు తక్కువ, మేనత్తలనూ పిన్నమ్మలనూ అడిగితే చింతపండుతో తోమి మరీ పంపిస్తారు.

గొడుగుల విషయం క్లుప్తంగా చెబుతాను. రంగు కాగితపు గొడుగులు కొనవద్దు, నాలుగు తాటాకు గిడుగులు, అంటే వానకు తల మీద పెట్టుకునే ఆకు గొడుగులు, తెచ్చి బోర్లా వేలాడదీసి లోపల బల్బు పెట్టండి. వియత్నాంలో తాటి జాతి ఆకులతో చేసే టోపీల పోలిక వస్తుంది. పొందూరు ఖద్దరును అలంకరణకు వాడాలని ఎవరైనా అంటే వినకండి, చేతితో వడికి నేసే ఆ గుడ్డ ధరకు అది గోడకు వేలాడదీయవలసినది కాదు, అల్లుడిగారి భుజం మీద కండువాగా ఉంటే అందం. మీ బంధువుల్లో పూర్వం రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి వచ్చిన కుటుంబాలు ఉంటే, వాళ్ళ ఇళ్ళలో బర్మా లక్క డబ్బాలు, టేకు పెట్టెలు ఇంకా ఉండవచ్చు. ఒకటి రెండు అడిగి తెచ్చి స్వాగతం బల్ల మీద పెట్టండి, ఏ డెకరేటరూ తేలేని వస్తువు అది.

వెలుతురు మీద మాత్రం డబ్బు మిగుల్చుకోకండి. మండపాల్లో పైకప్పుకు తెల్లని ఎల్ఈడీ పలకలు వరుసగా ఉంటాయి. అవి వెలుగుతున్నంతసేపు మీరు కట్టిన లాంతరు వెలుగుతోందో లేదో కూడా తెలియదు, ఎరుపంతా పాలిపోతుంది. వాటిలో సగానికి పైగా ఆపే వీలుందా, ఏ స్విచ్చు దేనిదో మేనేజరును ముందు రోజే అడిగి చూసుకోండి. ఫోటోగ్రాఫరుకు కూడా చెప్పాలి, లేకపోతే అతను తెచ్చిన తెల్ల లైటు వేదిక మీద వేసి మీ శ్రమంతా తుడిచేస్తాడు. పసుపు వెలుగు లైట్లు రెండు తెచ్చుకోమంటే తెచ్చుకుంటారు.

అతిథుల వైపు నుంచి కొన్ని జాగ్రత్తలు. చైనీయులకు తెల్ల లాంతరు చావు ఇంటి గుర్తు, అందంగా ఉన్నాయని తెల్లవి కట్టవద్దు. తెలుపు, పసుపు చామంతులు కూడా వాళ్ళకు అంత్యక్రియల పూలు. ముహూర్తానికి మనకు చామంతి లేకుండా కుదరదు, అక్కడ దాని గురించి ఆలోచించనక్కర లేదు, రిసెప్షన్ వేదిక మీద మాత్రం బంతి, గులాబి చాలు. ఏదైనా జంటల లెక్కన కట్టండి, కానీ నాలుగు వద్దు, వాళ్ళ భాషలో ఆ సంఖ్య పలుకు చావు పలుకుకు దగ్గరగా ఉంటుంది. ఎనిమిది మంచిది. నేను చెప్పిన నాలుగు గిడుగులను కూడా రెండేసి చొప్పున వేర్వేరు చోట్ల కట్టండి. ఆహ్వాన బోర్డు మీద మనుషుల పేర్లు ఎర్ర సిరాతో రాయించకండి.

చైనా పెళ్ళిళ్ళలో తలుపులకు, కిటికీలకు అంటించే ఎర్ర కాగితపు అక్షరం ఒకటి ఉంటుంది, ఆనందం అనే అర్థమున్న అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన కలిపి రాసినది. అది ఎడమకూ కుడికీ ఒకేలా ఉంటుంది కాబట్టి కాగితాన్ని నిలువుగా మడిచి సగం కత్తిరిస్తే విప్పినప్పుడు పూర్తి అక్షరం వస్తుంది. మీ ఇంట్లో డ్రాయింగు వచ్చిన పిల్లలెవరైనా చేయగలరు. నమూనాను మాత్రం అల్లుడుగారి స్నేహితులకు ఫోనులో పంపి, సరిగ్గా ఉందని చెప్పించుకున్నాకే కత్తిరించండి. ఇంటర్నెట్టులో దొరికిన మరే చైనా అక్షరాన్నీ అర్థం తెలియకుండా గోడకెక్కించవద్దు.

అద్దె దుకాణంవాళ్ళు బుద్ధుడి తల బొమ్మను ఫౌంటెన్ మధ్యలో పెడతామంటారు, దానికి ఒప్పుకోకండి. థాయిలాండ్, బర్మా, శ్రీలంక వాళ్ళకు బుద్ధుడి తలను షోకు వస్తువుగా పెట్టడం అపచారం. అటు సాలిహుండం, ఇటు రామతీర్థం కొండల మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్న జిల్లాల వాళ్ళం మనం, ఆ మర్యాద మనకూ తెలియాలి.

డబ్బు లెక్కకు వస్తే, నా అంచనా ఇది, ధరలు ముహూర్తాల రద్దీని బట్టి మారతాయి. గంపలు, కాగితం, వాటిని అంటించే కూలి కలిపి 18 వేలు, వేదిక చట్రం, చాపలు, గోనెగుడ్డ 9 వేలు, ద్వారం 8 వేలు, పూలు 10 వేలు, లైట్లు, వైరింగు, ఎలక్ట్రీషియన్ 10 వేలు. మిగిలిన 5 వేలు ఎవరికీ చెప్పకుండా మీ దగ్గరే ఉంచుకోండి, రిసెప్షన్ రోజు మధ్యాహ్నానికి ఏదో ఒకటి తక్కువ పడుతుంది. ఖర్చు ఇంకా తగ్గించవలసి వస్తే పూలలో తగ్గించండి, లైట్లలో తగ్గించకండి.

పనులకు వరుస కూడా ముఖ్యమే. మేదరివారికి కనీసం నెల ముందు చెప్పాలి, పెళ్ళిళ్ళ కాలంలో వాళ్ళకు తట్టలు, చేటలు, గంపల బేరాలు ఎక్కువ, పైగా పచ్చి బద్దతో అల్లిన గంప ఆరకుండా కాగితం అంటిస్తే బూజు పడుతుంది. కాగితం పని వారం ముందు ముగించి, లాంతర్లను ఎలుకలు తిరగని గదిలో వేలాడదీయండి, మైదా జిగురు వాటికి ఇష్టం. ముహూర్తానికీ రిసెప్షన్‌కూ మధ్య మీకు ఒక్క పగలే ఉంటుంది. ఆ పగలంతా హాలు మీకు ఖాళీగా ఇస్తారా, మధ్యలో మరెవరికైనా ఇచ్చారా అన్నది మండపంవాళ్ళతో కాగితం మీద రాయించుకోండి. చాపలకు, లాంతర్లకు గోడల్లో మేకులు కొట్టనిస్తారో, ఉన్న కొక్కేలకే కట్టుకోవాలో కూడా అప్పుడే అడిగేయండి. కొట్టనివ్వకపోతే గోడ వెంట అడ్డంగా ఒక వెదురు వాసం కట్టి దానికి వేలాడదీయడం నేర్పుగల పందిరివాళ్ళెవరికైనా తెలిసిన పనే.